ఒక్కసూది మూడు పోట్లు

గది తలుపు మీది లక్క సీలు ఊడదీసేటప్పటికి ఉదయం ఎనిమిదీ పది. మధ్యాహ్నం రెండింటికి కోర్టు. మధ్యలో ఉన్నది ఆరు గంటలకి పది నిమిషాలు తక్కువ. ఆ లోపల డిటెక్టివు ఏదో ఒకటి తేల్చకపోతే ఈ ఇంటి కోడలు మామగారిని నిద్రమాత్రలతో చంపిందన్న నేరం మీద జైలుకి వెళ్తుంది. మళ్ళీ ఎప్పుడు బయటికొస్తుందో చెప్పగలిగినవాడు లేడు.

డిటెక్టివుని ఎరిగినవాళ్ళంతా తెల్లమీసం అంటారు. మీసం నల్లగానే ఉంటుంది. కడుపుమంటకని ఏళ్ళ తరబడి తెల్లమందు సీసా ఎత్తి తాగి, మూతి తుడుచుకోవడం మర్చిపోయి తిరిగినందుకు వచ్చిన పేరది. మంట నయమై పదకొండు నెలలైంది. సీసా వదిలిపోయింది గానీ పేరు వదల్లేదు.

గుమ్మంలో ఇన్‌స్పెక్టరు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఆయనది ఈ వీధిలోనే నాలుగో ఇల్లు. పది రోజుల కిందట ఎనిమిదిన్నరకి డ్యూటీకి బయల్దేరుతూ ఇక్కడ ఏడుపు విని, అందరికంటే ముందు పరిగెత్తుకొచ్చినవాడు ఆయనే. అందుకే ఈ కేసు మీద ఆయనకి సొంత ఆస్తి మీద ఉన్నంత పట్టుదల. వెనక వరండాలో చనిపోయినాయన కొడుకు గోడకానుకుని ఉన్నాడు. తాళాలు బాగుచేసే పని అతనిది. ఐదు రోజుల నుంచి భార్య లాకప్పులో ఉంది. గడ్డం గీసుకోలేదు, నిద్రపోలేదు, ఎవరి మీదా అరవనూ లేదు. డిటెక్టివుని పెట్టుకున్నది అతనే.

"చూడండి, చూడండి," అన్నాడు ఇన్‌స్పెక్టరు. "మేజిస్ట్రేటు గారు అనుమతిచ్చాక కాదనడానికి నేనెవర్ని. కేసు మాత్రం అరటిపండు ఒలిచి చేతిలో పెట్టినట్టుంది. మీరు దాన్ని మళ్ళీ తొక్కలో పెట్టలేరు."

అరటిపండు సంగతి డిటెక్టివుకి కంఠతా వచ్చు. చనిపోయినాయన వాచీల మేస్త్రీ, అరవై రెండేళ్ళవాడు. ఆ ఉదయం ఆరూ యాభైకి ల్యాబు మనిషి ఇంటికొచ్చి రక్తం తీసుకెళ్ళాడు. ఎనిమిదిన్నరకి మేస్త్రీ కుర్చీలోనే ఒరిగిపోయాడు. వచ్చిన డాక్టరు గుండె ఆగిందని రాశాడు, సాయంత్రానికి అంత్యక్రియలైపోయాయి. మర్నాడు ఇన్‌స్పెక్టరుకి ఒక సంగతి గుర్తొచ్చింది. అంతకు పది రోజుల ముందు ఆ ఇంటి కోడలు తనని వీధిలో ఆపి, నిద్రమాత్రలు రోజూ వేస్తే మనిషి పగలంతా మత్తుగా పడుంటారా అని అడిగింది. శవం లేదు గానీ ల్యాబు ఫ్రిజ్‌లో రక్తం ట్యూబు ఉంది. సగం ప్రభుత్వ పరీక్షశాలకి పంపాడు. ఆ రక్తం నిండా నిద్రమందే. మామగారికి పూటపూటా మందులిచ్చేది కోడలే. అంతే, పట్టుకెళ్ళి లోపలేశాడు.

"ఎందుకలా అడిగిందో ఆవిడ మీతో చెప్పలేదా?" అన్నాడు డిటెక్టివు, గదిలో కాలు పెడుతూ.

"ఏదో కల్లబొల్లి చెప్పింది. రాయదగ్గ మాట కాదు."

"రాయకపోయినా వినిపించొచ్చుగా."

"అక్కర్లేదు," అన్నాడు ఇన్‌స్పెక్టరు. మొహం గంటు పెట్టుకున్నాడు.

లాకప్పులో ఆ అమ్మాయి కూడా చెప్పలేదు. నిన్న సాయంత్రం డిటెక్టివు అరగంట కూర్చుని అడిగితే, ఆ సంగతి మీద తలెత్తకుండా ఒక్క మాటే అంది. చెప్పాల్సింది మొదటిరోజే చెప్పానండీ, వినేవాళ్ళు లేరు, ఇంక చెప్పను అంది. ఆరోజు పొద్దున ఏం జరిగిందో మాత్రం గంటా నిమిషాలతో సహా చెప్పింది. ల్యాబు మనిషి వచ్చాడు. ఐదు నిమిషాలకి వంటగది వైపు కేకేసి వేడినీళ్ళలో ముంచిన తువ్వాలు తెమ్మన్నాడు. తెచ్చి ఇచ్చింది. తలుపు దగ్గరగా వేసుకున్నాడు. మామగారి మొహం పాలిపోయి ఉందని, ఆసుపత్రికి వెళ్దామని తను బతిమాలితే, వాచీ ఒకటి ఇచ్చెయ్యాలి, పదింటికి వెళ్దాంలే తల్లీ అన్నాడట పెద్దాయన.

ఆ వేడినీళ్ళ తువ్వాలు డిటెక్టివుకి మింగుడు పడలేదు. వచ్చిన ల్యాబు మనిషి ఎవరో మామూలు మనిషి కాదు, ఒక్కసూది. ఇరవై ఆరేళ్ళ సర్వీసులో ఎవరినీ రెండోసారి పొడవలేదని పేరు. పసిపిల్లల తల్లులు అతను వస్తేనే చెయ్యి చాపనిస్తారు. అలాంటివాడికి వేడినీళ్ళతో పనేమిటి?

గది చిన్నది. కిటికీ కింద పనిబల్ల, దాని మీద విప్పిన వాచీ, కంటికి పెట్టుకునే భూతద్దం, సన్నటి స్క్రూడ్రైవర్ల వరస. పక్కన వాలుకుర్చీ. కుర్చీ కాలి దగ్గర రేకు చెత్తబుట్ట. ఇన్‌స్పెక్టరు అనుమానం వచ్చిన రోజే సీలు వేసిన పుణ్యాన బుట్టలో చెత్త బుట్టలోనే ఉంది. డిటెక్టివు మోకాళ్ళ మీద కూర్చుని పాత న్యూస్‌పేపరు పరిచి బుట్ట బోర్లించాడు. ఇత్తడి పొట్టు, చిరిగిన కవరు, విరిగిన వాచీ అద్దం, దూది.

దూది ఉండలు మూడు. మూడింటి మీదా ఆవగింజంత నెత్తుటి మరక, ఎండి గోధుమరంగైంది.

"ఒక్క పోటుకి ఒక దూది," అన్నాడు డిటెక్టివు. "ఇక్కడ మూడున్నాయి."

"బాగుంది. వాటితో ఏం చేస్తారు, దిండు కుడతారా?"

డిటెక్టివు మూడింటినీ ఒక కవరులో వేసి ఇన్‌స్పెక్టరు చేతనే సంతకం పెట్టించాడు. తర్వాత బల్ల సొరుగు లాగాడు. రాలేదు, తాళం.

"దీన్ని తెరిచి చూశారా?"

"వాచీ సామాన్లుంటాయి. నాకెందుకు?"

వరండాలోంచి కొడుకు వచ్చాడు. అడక్కుండానే జేబులోంచి సన్నటి ఉక్కు పుల్ల తీసి, చెవి దగ్గరగా పెట్టి విన్నట్టు తల వంచి, రెండుసార్లు కదిపాడు. సొరుగు ఊడొచ్చింది. అర నిమిషం కూడా పట్టలేదు. దొంగ విద్యలు బాగానే వచ్చు ఈ ఇంట్లో అని ఇన్‌స్పెక్టరు గొణిగాడు. కొడుకు పుల్ల తుడిచి జేబులో పెట్టుకున్నాడు.

సొరుగులో వాచీ సామాన్ల కింద ఖాళీ మాత్రల అట్టలు పదకొండు. నొప్పి మాత్రలు. కొడుకు వాటి వంక చూసి అలాగే నిలబడిపోయాడు. మెడా మణికట్టూ నొప్పని నాన్న ఎప్పుడూ అనేవాడని, ఈ మాత్రలు ముట్టుకోవద్దని, కడుపులో పుండు మళ్ళీ రేగి రక్తం పోతుందని డాక్టరు చిలక్కి చెప్పినట్టు చెప్పాడని, తన భార్య ఇల్లంతా వెతికి పారేసేదని మెల్లగా చెప్పాడు. "ఆవిడ చూడని చోటు ఇదొక్కటే సార్. నాన్న పనిబల్ల ఎవరూ ముట్టుకోరు."

బల్ల పైన గోడకి రెండు కాగితాలు గుచ్చి ఉన్నాయి. ఒకటి, పద్నాలుగు రోజుల మందుల పట్టిక. పూటకొక గడి చొప్పున ప్రతి గడిలోనూ కోడలు పెట్టిన టిక్కు. ఒక్క పూట కూడా ఖాళీ లేదు. రెండోది అదే ల్యాబు ఇచ్చిన పాత రిపోర్టు, పది వారాల నాటిది. అల్సరుకి మూలమైన హెచ్ పైలోరీ క్రిమి కోసం చేసిన రక్తపరీక్ష. యాంటీబాడీలు ఉన్నట్టు, అదీ మామూలుగా కాదు, ఉండాల్సిన హద్దుకి ఏడెనిమిది రెట్లున్నట్టు.

డిటెక్టివు దాన్ని రెండుసార్లు చదివాడు. చెయ్యి తనకి తెలియకుండానే మూతి తుడుచుకుంది. ఆ పేరు వచ్చాక పట్టుకున్న అలవాటు.

అప్పుడే గోడ గడియారం తొమ్మిది కొట్టింది. ఇన్‌స్పెక్టరు ఫోను తీసి పక్కకి జరిగాడు. రోజూ ఈ వేళకి ఇంటికి ఫోను చేసి తల్లి సంగతి కనుక్కోవడం ఆయనకి తప్పనిసరి. అవతల చూసుకునే ఆయా ఎత్తింది. అమ్మ తిందా, నిద్రపోతోందా, సరే, లేపకు అని పెట్టేశాడు. డిటెక్టివు తన వంక చూస్తుండడం గమనించి, "డెబ్బై ఎనిమిదేళ్ళు. ఈ రెండు నెలల్నుంచి ఎప్పుడూ నిద్రే. వయసు మీదపడింది," అన్నాడు. మొత్తం ఉదయంలో ఆయన మెత్తగా అన్న మాట అదొక్కటే.

"ల్యాబుకి వెళ్దాం పదండి," అన్నాడు డిటెక్టివు. "ఆ ట్యూబులో మిగిలిన రక్తం నాకు కావాలి."

"అది నా సాక్ష్యం. నేను లేకుండా ఎవరూ ముట్టుకోడానికి వీల్లేదు."

"మీరుండాలనే నేనూ అంటున్నాను."

కొడుకుని కూడా జీపు ఎక్కించుకున్నారు.

ల్యాబుని నడిపే డాక్టరమ్మ సన్నగా, పొడుగ్గా, మాట తక్కువ మనిషి. మేజిస్ట్రేటు కాగితం చదివి, ఫ్రిజ్ తెరిచి, పది రోజుల నాటి అరలోంచి వాచీ మేస్త్రీ పేరున్న ట్యూబు తీసింది. అడుగున ఎరుపు గడ్డకట్టి, పైన పచ్చటి నీరు తేరి ఉంది. ఇన్‌స్పెక్టరు సీలు చూసుకుని తల ఊపాడు.

డిటెక్టివు తనకేం కావాలో చెప్పాడు. ఆ రక్తంలో హెచ్ పైలోరీ యాంటీబాడీలు ఉన్నాయో లేవో చూడాలి. అదీ తన కళ్ళ ముందు, ఇన్‌స్పెక్టరు కళ్ళ ముందు. ఇన్‌స్పెక్టరుకి ఓపిక నశించింది. మనిషిని నిద్రమాత్రలతో చంపారంటుంటే కడుపులో పురుగుల లెక్కేమిటన్నాడు. ఆయన మందులు వాడాడని, క్రిమి చచ్చే ఉంటుందని, పరీక్షలో ఏమీ లేదనే వస్తుందని, దానికింత హడావుడి దేనికన్నాడు.

"అక్కడే నేనూ బోల్తా పడ్డాను," అన్నాడు డిటెక్టివు. తన సంగతి చెప్పాడు. నయమైందని డాక్టరు చెప్పిన తొమ్మిది నెలలకి, మనసాగక, దారిలో కనబడ్డ ల్యాబుకి వెళ్ళి రక్తం ఇచ్చాడు. క్రిమి ఉందని వచ్చింది. ఆ రాత్రంతా కళ్ళు తెరుచుకునే పడుకుని, తెల్లారి డాక్టరు దగ్గరికి పరిగెత్తాడు. ఆయన నవ్వి ఊపిరి పరీక్ష చేయించి, కడుపులో ఏమీ లేదు వెళ్ళు అన్నాడు.

మిగతాది డాక్టరమ్మ అందుకుంది. "ఈ రక్తపరీక్ష క్రిమిని చూడదండీ. క్రిమి మీద ఒళ్ళు తయారుచేసుకున్న యాంటీబాడీలని చూస్తుంది. దొంగని ఊళ్ళోంచి తరిమేసినా మీ స్టేషన్లో వాడి ఫొటో తీసెయ్యరు కదా. అలాగే క్రిమి చచ్చినా ఇవి నెలల తరబడి ఉంటాయి, కొందరికి ఏళ్ళ తరబడి. అందుకే నయమైందో లేదో చూడ్డానికి ఈ పరీక్ష పనికిరాదు."

"అయితే?"

"అయితే, పది వారాల కింద అంత గట్టిగా ఉన్నవి ఇప్పటికి కొంచెం తగ్గొచ్చు. బొత్తిగా లేకుండా పోవడం నేను చూళ్ళేదు."

ఆవిడ రెండు కార్డులు తెచ్చింది, అగ్గిపెట్టె అంత పొడుగున్న తెల్లటివి. పై గీత పడితే పరీక్ష సరిగ్గా జరిగినట్టు. కింది గీత కూడా పడితే యాంటీబాడీలున్నట్టు. కార్డు మంచిదో కాదో ఎలా తెలుస్తుందని ఇన్‌స్పెక్టరు అడిగేలోపే డిటెక్టివు చొక్కా చెయ్యి మడిచాడు. ఒక కార్డు మీద అతని రక్తం. రెండోదాని మీద ట్యూబులోని పచ్చటి నీటి చుక్క. తొమ్మిదీ యాభై రెండుకి వేసింది. పదిహేను నిమిషాలు ఆగాలంది.

ఆ పదిహేను నిమిషాలూ కొడుకు బల్ల అంచు పట్టుకుని రెండో కార్డు వంకే చూస్తున్నాడు. డిటెక్టివు ఊహ తప్పైతే ఇంక చేతిలో ఏమీ లేదు. లాకప్పులో తల వంచుకున్న ఆ అమ్మాయికి వెళ్ళి ఏం చెప్పాలి?

పదీ ఏడు. డిటెక్టివు కార్డు మీద రెండు గీతలు. చచ్చి పదకొండు నెలలైన క్రిమిని అతని రక్తం ఇంకా మర్చిపోలేదు. రెండో కార్డు మీద ఒకటే గీత, పైది. డాక్టరమ్మ ఇంకో పెట్టె విప్పి ఇంకో కార్డు మీద మళ్ళీ వేసింది. మళ్ళీ పదిహేను నిమిషాలు. మళ్ళీ ఒకటే గీత.

"ఇది వాచీ మేస్త్రీ గారి రక్తం కాదు," అందావిడ. తెల్లబోయి ఉంది. "నా ల్యాబు స్టిక్కరున్న ట్యూబులో ఇంకెవరి రక్తమో ఉంది."

ఇన్‌స్పెక్టరు కార్డు అందుకుని కిటికీ వెలుతురుకి పెట్టి చూశాడు. ల్యాబుల్లో ట్యూబులు కలిసిపోవడం మామూలేనని, ఒక్క కార్డు ముక్క చూసి హంతకురాలిని వదిలెయ్యమంటే తను వదలనని, ప్రభుత్వ రిపోర్టు తనకి చాలని అన్నాడు.

"ఎవరి రక్తమో తెలియని రిపోర్టు కోర్టులో పెడతారా?" అన్నాడు డిటెక్టివు. "పెట్టండి. రెండింటికి నేనూ అక్కడే ఉంటాను, ఈ కార్డులతో."

ఇద్దరూ ఒకరినొకరు చూసుకుంటుండగా తలుపు తోసుకుని ఒక్కసూది వచ్చాడు.

యాభై అయిదేళ్ళుంటాయి. ఇస్త్రీ మడత చెదరని చొక్కా, భుజాన చల్లపెట్టె. పొద్దుటి ఇళ్ళన్నీ తిరిగి వస్తున్నాడు. పెట్టె దించి, మూత తీసి, ట్యూబులు స్టాండులో పెడుతూ అప్పుడు చూశాడు బల్ల మీది కవరుని. అందులోంచి డిటెక్టివు మూడు దూది ఉండలూ తీసి వరసగా పెట్టాడు.

"ఇవి మీవేనా?"

ఒక్కసూది వాటిని చూశాడు. ఇన్‌స్పెక్టరుని చూశాడు. మళ్ళీ నేల చూపులు చూశాడు. ఏవేవో దూది ముక్కలు, తనకేం తెలుసంటూ నీళ్ళు నమిలాడు. డిటెక్టివు గొంతు పెంచలేదు. వేడినీళ్ళ తువ్వాలు ఎందుకడిగారన్నాడు. ఆ వీధిలోకి ఆరూ యాభైకి వెళ్ళి ఏడూ ఇరవై దాకా ఏం చేశారన్నాడు. ఒకటి మాత్రం డిటెక్టివు గమనించాడు. ప్రతి ప్రశ్నకీ అతని కళ్ళు ఇన్‌స్పెక్టరు మీదికే పోతున్నాయి. యూనిఫాం అంటే భయం కాబోలనుకున్నాడు.

అప్పుడు కొడుకు ముందుకొచ్చాడు. తిట్టలేదు, చొక్కా పట్టుకోలేదు. "నా చిన్నప్పుడు మీరు నాకు కూడా సూది వేశారు," అన్నాడు. "నొప్పి తెలీకుండా కబుర్లు చెప్పారు. మా ఆవిడ ఐదు రోజుల్నుంచి చెయ్యని పనికి లాకప్పులో ఉందండీ."

ఒక్కసూది స్టూలు మీద కూలబడ్డాడు.

"నరం దొరకలేదు బాబూ," అన్నాడు. "మీ నాన్న చేతులు మంచుగడ్డల్లా ఉన్నాయి. నరాలన్నీ లోపలికి పీక్కుపోయాయి. ఒకసారి పొడిచాను. రెండోసారి. తువ్వాలు కట్టి మూడోసారి. నాలుగోసారికి నా చెయ్యి ఆడలేదు. ఫర్వాలేదయ్యా, రేపు రా అన్నాడాయన. సరేనని లేచి వచ్చేస్తే అయిపోయేది. ఇరవై ఆరేళ్ళలో ఖాళీ ట్యూబు ఎప్పుడూ తేలేదు నేను. ఒక్కసూదికి నరం దొరకలేదంటే అందరూ ఏమంటారని..."

మిగతాది డాక్టరమ్మ మెల్లగా అడిగి చెప్పించింది. పేర్ల స్టిక్కర్లు రక్తం తీసిన తర్వాత, ఆ మనిషి పక్కనే అంటించాలి. ఒక్కసూది మాత్రం ముందురోజు సాయంత్రమే ఇళ్ళ వరస ప్రకారం అన్ని ట్యూబులకీ అంటించి పెట్టుకుంటాడు. పొద్దున తొందరగా అవుతుందని. ఆవిడకీ తెలుసు. వద్దని రెండుసార్లు చెప్పింది, పెద్దవాడని గట్టిగా చెప్పలేదు. అలా మేస్త్రీ పేరున్న ఖాళీ ట్యూబు చేతిలో ఉంది. తర్వాతి ఇంట్లో నరం తేలిగ్గా దొరికింది. ఇంకొంచెం ఎక్కువ లాగి ఈ ట్యూబు నింపేశాడు. మర్నాడు మేస్త్రీ దగ్గరికి మళ్ళీ వెళ్ళి ఎలాగోలా సర్దుకుందామనుకున్నాడు. మర్నాటికి మేస్త్రీ లేడు.

"కడుపులో పుండున్న మనిషి చేతులు చల్లబడి నరం దొరకలేదంటే లోపల రక్తం పోతున్నట్టు," అంది డాక్టరమ్మ. "ఆయనకి కావలసింది రేపు కాదు. అప్పటికప్పుడు ఆసుపత్రి. మీరు వచ్చి దొరకలేదని ఒక్క మాట చెప్పుంటే, నేను బండి పంపేదాన్ని."

ఒక్కసూది రెండు చేతుల్లో మొహం దాచుకున్నాడు. కొడుకు గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. నాన్నని చంపింది పదకొండు అట్టల నొప్పి మాత్రలని, మూడు పోట్ల తర్వాత దాచిన ఒక్క నిజమని అతనికిప్పుడు తెలిసింది. దానికి ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో తెలియలేదు.

డిటెక్టివు గడియారం చూశాడు. పదీ యాభై ఎనిమిది. ఈ మాటలు కాగితం మీద పడితే చాలు, రెండింటికి ఆ అమ్మాయి ఇంటికొస్తుంది. కానీ ఇంకో సంగతి మిగిలిపోయింది. ట్యూబులోని రక్తం మేస్త్రీది కాదు, సరే. అందులో నిద్రమందు ఉన్న మాట అబద్ధం కాదు. ఆ రక్తం బతికున్న మనిషిది.

"ఆ తర్వాతి ఇల్లు ఎవరిది?" అన్నాడు.

ఒక్కసూది తల ఎత్తలేదు.

"చెప్పవయ్యా," అని గద్దించాడు ఇన్‌స్పెక్టరు. "ఇంతసేపూ నంగనాచిలా కూర్చుని ఇప్పుడేంటి? ఎవడిల్లు?"

"మీ ఇల్లే సార్," అన్నాడు ఒక్కసూది. "అమ్మగారి దగ్గర తీశాను. షుగరు పరీక్షకి. అప్పుడు మీరు స్నానంలో ఉన్నారు."



ఇన్‌స్పెక్టరు ముందు అర్థం కానట్టే చూశాడు. తర్వాత, మా అమ్మకి నిద్రమాత్రలు ఎవరూ రాయలేదన్నాడు, ఎవరో అడిగినట్టు. డాక్టరమ్మ అప్పటికే ప్రభుత్వ రిపోర్టు నకలు తీసి చూస్తోంది. ఈ మోతాదు ఒక్కరోజు వేస్తే వచ్చేది కాదని, వయసు మళ్ళినవాళ్ళ ఒంట్లోంచి మందు త్వరగా పోదని, రోజూ వేస్తుంటే పేరుకుంటూ పోతుందని, ఊపిరి ఆడటం కూడా ఏ రోజైనా ఆగిపోవచ్చని చెప్పింది. చెబుతూనే అత్యవసరానికి పెట్టుకునే సంచి భుజాన వేసుకుంది.

"మీరు ఇంటికి రోజూ తొమ్మిదింటికే ఫోను చేస్తారా?" అన్నాడు డిటెక్టివు.

"అవును."

"ఎప్పుడైనా పదకొండింటికి చేశారా?"

ఇన్‌స్పెక్టరు ఫోను తీసి నొక్కాడు. మోగింది. మోగి మోగి ఆగిపోయింది. మళ్ళీ నొక్కాడు. ఎవరూ ఎత్తలేదు.

జీపులో ఆయన ముందు సీట్లో కూర్చుని ఫోను డిటెక్టివు చేతిలో పెట్టాడు. చేస్తూనే ఉండండి అన్నాడు. వెనక కొడుకూ డాక్టరమ్మా. రెండో మలుపు తిరిగాక ఇన్‌స్పెక్టరు వెనక్కి తిరక్కుండానే మాట్లాడాడు. "మొదటిరోజే చెప్పింది. స్టేషన్లో. నేనడిగింది మా మామగారి గురించి కాదండీ, మీ అమ్మగారి గురించి అంది. పగలంతా మీ ఇంటికి తాళం ఉంటుంది, సాయంత్రం నేను వెళ్తే ఆవిడ కళ్ళు తెరవలేకపోతున్నారు, ఆ ఆయా ఏమిస్తోందో చూసుకోండి అంది. నేను బల్ల గుద్దాను. చేసిన పాపం చాలక మా అమ్మని ఇందులోకి లాగుతున్నావా అని అరిచాను. ఆ మాట రాయలేదు."

ఇన్‌స్పెక్టరు ఒడిలో ఉన్న కేసు ఫైలు తెరిచి, జీపు కుదుపులకి అక్షరాలు వంకర్లు పోతున్నా ఆ మాట ఇప్పుడు రాశాడు. కింద సంతకం పెట్టి, పదకొండూ పద్దెనిమిది అని టైము వేశాడు.

నాలుగో ఇంటి గేటు తెరిచే ఉంది. వీధి తలుపుకి బయట తాళం. పెద్దది, కొత్తది. తొమ్మిదింటి ఫోను ఎత్తాక ఆయా తాళం పెట్టుకుని పోయిందన్నమాట. లోపల ఫోను మోగుతోంది.

ఇన్‌స్పెక్టరు రెండుసార్లు భుజంతో గుద్దాడు. మంచి కర్ర తలుపు, కదల్లేదు. అమ్మా అని పిలిచాడు. పలుకు లేదు. చేతులు జేబుల్లో వెతికాడు, ఆయన దగ్గరున్నది పాత తాళంచెవి. తాళం ఎప్పుడు మారిందో కూడా ఆయనకి తెలియదు. తిరిగి చూశాడు. మెట్ల కింద తాళాల మెకానిక్కు నిలబడి ఉన్నాడు.

"బాబూ," అన్నాడు ఇన్‌స్పెక్టరు. ఆ పిలుపు ఆయన నోట ఎప్పుడూ రాలేదు. "ఇది తియ్యగలవా?"

కొడుకు ఒక్క క్షణం కదల్లేదు. ఐదు రోజులు ఆ క్షణంలో ఉన్నాయి, డిటెక్టివు చూశాడు. తర్వాత మెట్లెక్కి, తాళం ముందు మోకాళ్ళ మీద కూర్చుని, జేబులోంచి ఉక్కు పుల్ల తీశాడు. తల వంచి విన్నాడు. ఇది సొరుగు తాళం కాదు, నిమిషం పట్టింది, రెండు నిమిషాలు పట్టింది. చెమట కళ్ళలోకి కారుతున్నా తుడుచుకోలేదు. తాళం నోరు తెరిచింది. దాన్ని ఊడదీసి ఇన్‌స్పెక్టరు చేతిలో పెట్టి పక్కకి జరిగాడు.

"రెండింటికి కోర్టు సార్," అన్నాడు. "మర్చిపోకండి."

ఇన్‌స్పెక్టరూ డాక్టరమ్మా లోపలికి పరిగెత్తారు. డిటెక్టివు గడప దగ్గరే ఆగాడు. ఫోను ఇంకా అతని చెవి దగ్గరే ఉంది. లోపల మోగుతున్న చప్పుడు ఉన్నట్టుండి ఆగింది. ఎవరో ఎత్తారు. బరువైన ఊపిరి, చాలాసేపు. తర్వాత నాలుక తిరగని, తడబడే ముసలి గొంతు.

"ఎవరు... మేస్త్రీ గారి కోడలివా? ఎన్నాళ్ళైందే నువ్వొచ్చి. దాహంగా ఉంది తల్లీ. ఇవాళైనా రావా?"

లోపలి గదిలోంచి డాక్టరమ్మ కేక వినిపించింది, కూర్చోబెట్టండి, పడుకోనివ్వకండి అని. డిటెక్టివు ఫోనుని కొడుకు చెవి దగ్గర పెట్టి, గడియారం చూశాడు. పదకొండూ ముప్ఫై ఒకటి.